గిన్నెలో మిగిలింది

"అక్కా, వెస్ట్రీ బీరువాలో ఒక సీసా పెట్టాను. కనపడటం లేదు. నువ్వేమైనా తీశావా?"

పాస్టరుగారి భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. రెండు రోజులుగా జలుబు. ముక్కు పూర్తిగా దిబ్బడేసి, లోకమంతా దూదిలో చుట్టినట్టుంది ఆమెకు. తమ్ముడి వైపు తిరక్కుండానే, "ఏ సీసా?" అంది.

"అదే, మన ద్రాక్షారసం ఖాళీ సీసా. అందులో జీపు కూలెంట్ పోసి పెట్టాను. డబ్బా చిల్లు పడి కారిపోతోంటేనూ."

"కూలెంట్ అంటే?"

"ఇంజిన్ వేడెక్కకుండా రేడియేటర్‌లో పోస్తాం చూడు, ఎర్రగా ఉంటుంది."

ఆమె చేతిలోని తెల్ల చొక్కా జారి బురదలో పడింది. అది భర్త చొక్కా. ఆమె దాన్ని చూడలేదు.

చర్చి వెనకున్న చిన్న గదిని వెస్ట్రీ అంటారు. పాస్టరుగారి అంగీలు, గిన్నెలు, కొవ్వొత్తులు, ద్రాక్షారసం అన్నీ అక్కడే. ఇవాళ మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సంస్కారం, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షారసం, ఇచ్చే రోజు. పొద్దున్నే కరెంటు లేదు. ఆ చీకటి గదిలో ఆమె చేత్తో తడిమి సీసా తీసింది, మూత తిప్పింది, ఎర్రటి రసాన్ని సంస్కారపు పెట్టెలోని చిన్న సీసాలోకి వంచింది. ఖాళీ అయిన పెద్ద సీసాను కడిగి అరలో బోర్లించింది. ఆ చర్చిలో ద్రాక్షారసం సీసాలు పారెయ్యరు, అమ్మరు. కడిగి దాచుకుంటారు. ఎవరికేం కావాలన్నా అందులోంచే ఒకటి పట్టుకుపోతారు.

వాసన తెలియలేదు, ముక్కు దిబ్బడ కదా. రుచి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. ప్రభువు బల్ల మీదికి వెళ్ళేదాన్ని ముందే ఎంగిలి చెయ్యకూడదని అత్తగారు నేర్పింది. ఆవిడకు వాళ్ళత్తగారు నేర్పింది.

ఆమె పరుగెత్తింది. బీరువాలో వెనక వరసలో అసలు ద్రాక్షారసం సీసా ఉంది. దాని మూతమీద లక్క ముద్ర పగలకుండా అలాగే ఉంది.

"అది తాగితే ఏమవుతుందిరా?" తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి మొహంలో రక్తం లేదు. "చెప్పరా! ఏమవుతుంది?"

"డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుందక్కా."

ఆమె ఫోన్ తీసి భర్త నంబరు నొక్కింది. ఇంట్లోంచే మోగింది. ఇలాంటి రోజుల్లో ఆయన ఫోన్ బల్ల మీద వదిలేసి వెళ్తారు. ఒకసారి ఎవరో పాపం ఒప్పుకుని ఏడుస్తుంటే మధ్యలో సినిమా పాట మోగిందట. అప్పటినుంచీ ఫోన్ వెంట తీసుకెళ్ళరు.

"జీపు తియ్యి," అంది.

*

పాస్టరుగారు ఎప్పుడూ కొండ కిందినుంచి పైకి వెళ్తారు. మొదట మంచానున్న పాత హెడ్‌మిస్ట్రెస్, తరవాత నడుం విరిగిన మిల్లు మనిషి, చివర క్వారీ పైనున్న బస్తీలో ఊపిరితిత్తులు రాతిపొడితో నిండిపోయిన ముసలాయన. క్వారీ బస్తీలో సంఘం కొత్తది. అక్కడ సువార్త మొదలుపెట్టింది పాస్టరుగారే. ఒక రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు. ఆ సంఘం మీద ఆయనకు కన్నబిడ్డ మీదున్నంత ప్రేమ.

ఆయన మోటారుసైకిలు మీద బయల్దేరి చాలాసేపైంది.

జీపు గేటు దాటకముందే ఆమె మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. మాటలు తడబడ్డాయి. డాక్టరమ్మ మాత్రం తడబడలేదు.

"ఒక్కొక్కరు ఎంత తాగుంటారు?"

"జబ్బువాళ్ళు ఒక్క గుక్కేనండి."

"అయితే వాళ్ళకు పెద్ద భయం లేదు. అయినా అందరినీ పంపండి, రక్తం పరీక్ష చేస్తాను. గిన్నెలో మిగిలింది ఏం చేస్తారు?"

పాస్టరుగారి భార్యకు ఆ నియమం కంఠతా వచ్చు. ఆశీర్వదించిన గిన్నెలో మిగిలినదాన్ని పారబొయ్యరు. మోరీలోకి వెళ్ళకూడదు, మళ్ళీ సీసాలోకీ వెళ్ళకూడదు. చివరి చుక్క దాకా పాస్టరే తాగెయ్యాలి.

"ఆయనే తాగుతారండి. ఇంటిల్లిపాదీ పుచ్చుకుంటారని గిన్నె నిండా పోస్తారు."

ఫోన్‌లో డాక్టరమ్మ నర్సును కేకేసింది.

"ఏమైనా తిని వెళ్ళారా?"

"సంస్కారం రోజున ఏమీ తినరు."

"అయితే జాగ్రత్తగా వినండి. అది తియ్యగా ఉంటుంది, తేడా తెలియదు. మొదట మత్తెక్కుతుంది, అచ్చం తాగినవాడిలా. నవ్వుతారు, తూలుతారు, మాట ముద్దగా వస్తుంది. తరవాత ఒంట్లో అదే మారి అసలు విషమవుతుంది. కిడ్నీలు పాడవుతాయి. ఆ మారడాన్ని ఆపాలి. విరుగుడు ఇంజెక్షన్ నేను తెప్పిస్తాను. ఈలోగా ఆయన దొరికితే, స్పృహలో ఉంటే, బ్రాందీ పట్టించండి."

"ఏమిటండీ?"

"బ్రాందీయో విస్కీయో, గట్టి మద్యం ఏదైనా సరే. అది ఒంట్లో ఉంటే విషం తొందరగా మారదు. కొంచెం కొంచెంగా పట్టండి. మగతగా ఉంటే మాత్రం ఒక్క చుక్క కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అర్థమైందా? ఆయన ఇప్పుడు బండి నడుపుతున్నారా?"

"మోటారుసైకిలు మీదండి," అంది ఆమె. కొండదారి గుర్తొచ్చింది. ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏమీ ఉండదు.

ఫోన్ పెట్టేశాక తమ్ముడు ఒకసారి అక్క వైపు చూశాడు. గేరు మార్చాడు, గొంతు సవరించుకున్నాడు.

"అక్కా. నీ సీటు కింద చెయ్యి పెట్టు."

"ఎందుకు?"

"పెట్టవే."

గోనెపట్టా కింద చల్లగా గాజు తగిలింది. బయటికి లాగింది. సగం బ్రాందీ సీసా.

కిందటేడు ఇదే తమ్ముడు సంఘమంతా చూస్తుండగా బల్ల ముందు మోకరించి, తాగుడు మానేస్తానని బావ చేతిలో చెయ్యి వేశాడు. ఆవేళ ఆమె ఏడ్చింది. ఊరందరికీ కాఫీలిచ్చింది.

"అది... ఇంజిన్ బిగుసుకుపోతే వెయ్యడానికక్కా."

"నోరు మూసుకుని నడుపు," అంది ఆమె. సీసాను మాత్రం పసిబిడ్డలా గుండెకు హత్తుకుంది.

*

హెడ్‌మిస్ట్రెస్ గదిలో కిటికీ తెరిచే ఉంది. ఆవిడ మంచమ్మీద దిండుకు ఆనుకుని, వచ్చినవాళ్ళను కళ్ళద్దాల మీంచి చూసింది. ఈ ఊళ్ళో సగంమందికి ఆవిడ చేతి బెత్తం తెలుసు.

"ఏమ్మా, మీ ఆయన మర్చిపోయిన వస్తువులు ఏరుకురావడానికి వచ్చావా? ఇవాళేమీ మర్చిపోలేదులే."

"వెళ్ళిపోయారా టీచర్?"

"ఎప్పుడో. ఏమైనా ఒక మాట చెప్పాలమ్మా, ఈసారి ద్రాక్షారసం తియ్యగా ఉంది. ఇన్నాళ్ళూ పుల్లటి కషాయం పోశారు మాకు. ఎక్కడ కొన్నారు?"

పాస్టరుగారి భార్య మంచం కోడు పట్టుకుంది.

"మీరెంత తాగారు?"

"పెదాలు తడిశాయి, అంతే. నా చెయ్యి వణుకుతుందని ఆయనే గిన్నె పట్టుకున్నాడు. కూతురూ అల్లుడూ ఉంటారని నిండా పోశాడు పాపం. వాళ్ళు డ్యూటీకి వెళ్ళారు. మిగిలిందంతా తనే తాగాడు."

"టీచర్, అది ద్రాక్షారసం కాదు. విషం. నేనే పోశాను. చూసుకోలేదు."

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళద్దాలు తీసింది. అద్దాలు లేకపోతే ఆవిడ మొహం చాలా చిన్నదిగా ఉంది.

"నాకేమవుతుంది?"

"మీకేమీ కాదన్నారు డాక్టరమ్మ. కానీ ఆసుపత్రికి వెళ్ళాలి."

"అయితే ఇంకా ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావ్?" బెత్తం గొంతు. "పక్కింటివాళ్ళను పిలవడం నాకు రాదా? పో!"

*

మిల్లు కార్మికుల వీధి ఇరుకు. జీపు పట్టదు. ఆమె పరుగెత్తింది. నడుం విరిగిన మనిషి భార్య వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఆమె పాస్టరుగారి భార్యను చూసి లేచి నిలబడింది గానీ నవ్వలేదు.

"వెళ్ళి కాసేపైందమ్మగారూ," అని, తల దించుకుని, "అయ్యగారికి ఒంట్లో బాగుందా?" అంది.

"ఎందుకలా అడిగావ్?"

"చెప్పచ్చో లేదో. ప్రార్థన మధ్యలో ఆగిపోయారు. పాట అందుకుని, ఇంకో పాటలోకి వెళ్ళిపోయారు. మా ఆయన పేరు మర్చిపోయారు. గిన్నెలో మిగిలింది మొత్తం గటగటా తాగి, మూతి తుడుచుకుని, 'భలే ఉంది' అన్నారు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేము ఎవరికీ చెప్పంలెండి."

అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. పాస్టరు తాగొచ్చాడనుకుంటున్నారు! ఎవరికీ చెప్పకుండా, తలుపు మూసి, పరువు కాపాడుతున్నారు. ఆ ప్రేమే ఆయన ప్రాణం తీసేలా ఉంది.

"తాగలేదు! విన్నావా? ఆయన తాగలేదు. నేను సీసా మార్చేశాను. మీరిద్దరూ వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఆటో ఎక్కించు, మోసుకుపో, ఏదో ఒకటి చెయ్యి. ఎటు వెళ్ళారు ఆయన?"

"పైకి," అంది ఆమె. చేతిలో గిన్నె అలాగే ఉంది.

ఆమె మళ్ళీ జీపెక్కింది. వీధి చివర టీ బంకు దగ్గర నలుగురైదుగురు నవ్వుకుంటున్నారు. జీపును చూసి ఒకడు గొంతు పెంచాడు.

"మీ ఆయన ఇవాళ స్వర్గానికి అడ్డదారిలో వెళ్తున్నాడమ్మా! అదుగో, గుర్రం అక్కడే పడిపోయింది!"

మలుపులో మోటారుసైకిలు పక్కకు ఒరిగి పడుంది. వెనక చక్రం గాలిలో ఉంది. అద్దం పగిలింది. మనిషి లేడు. ఆమె జీపు ఆగకముందే దూకి, రోడ్డు అంచుకు వెళ్ళి కిందికి చూసింది. రాళ్ళు, పొదలు, లోతుగా క్వారీ గుంట, అందులో పచ్చటి నీళ్ళు. తెల్లటి అంగీ కోసం వెతికాయి కళ్ళు. తెల్లగా ఏమీ లేదు.

"ఆయనేడీ?" అని అరిచింది టీ బంకు వైపు.

నవ్వులు ఆగిపోయాయి. "నడిచెళ్ళాడమ్మా," అన్నాడు ఇందాకటివాడే, ఈసారి నెమ్మదిగా. "పెట్టె చంకలో పెట్టుకుని. లేపుదామని వెళ్తే, 'నాకోసం ఒకాయన కనిపెట్టుకుని ఉన్నాడు' అన్నాడు. మేమేమో..."

"మీరేమో నవ్వారు," అన్నాడు తమ్ముడు, ఆమె ఎక్కగానే జీపును మళ్ళీ ఉరికిస్తూ.

*

క్వారీ ముసలాయన ఇంటి తలుపు మూసి ఉంది.

గుమ్మం ముందు కోడలు నేలమీద కూర్చుంది. పాస్టరుగారి భార్యను చూడగానే లేచి, చేతులు రెండూ చాచి తలుపుకు అడ్డం నిలబడింది.

"ఒప్పుకోలు జరుగుతోందమ్మగారూ. వెళ్ళకూడదు."

ఆ నియమం పాస్టరుగారిదే. చాలా సంఘాల్లో ఆదివారంనాడు అందరూ కలిసి ఒక్క గొంతుతో పాపాలు ఒప్పుకుని ఊరుకుంటారు. పాస్టరు దగ్గర ఒంటరిగా కూర్చుని ఒప్పుకునే పాత పద్ధతిని ఈయన మళ్ళీ మొదలుపెడితే, పెద్దలు కొందరు అది పోపుగారి పని అని వెక్కిరించారు. "మన సంఘాలకు ఆద్యుడు లూథరే దాన్ని తీసెయ్యలేదు, మనమే మర్చిపోయాం," అన్నారాయన. తలుపు మూశాక ఇల్లు తగలబడుతున్నా తెరవకూడదని ఇంటింటికీ చెప్పింది ఎవరో కాదు, ఆయన భార్యే.

"తప్పుకోమ్మా."

"మీరే కదమ్మగారూ చెప్పింది, ఎవరు..."

లోపల్నుంచి నవ్వు వినిపించింది.

అది ఆమె భర్త నవ్వే. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ వినని నవ్వు. సన్నగా, ఆగకుండా, గొంతులో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు. ఆ నవ్వు కింద ఇంకో శబ్దం. ముసలి మనిషి ఏడుపు.

కోడలి చేతులు కిందికి జారాయి. "ఇందాకట్నుంచీ ఇంతే," అంది గొణుగుతూ. "నాకు భయమేస్తోందమ్మా."

పాస్టరుగారి భార్య తలుపు తోసింది.

సందులాంటి గది. ముసలాయన నులకమంచం మీద, గోడకు అతుక్కుపోయినట్టు ముడుచుకుని ఉన్నాడు. పాస్టరుగారు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు. నుదుటి మీద రక్తపు గీత, మోకాలి దగ్గర అంగీ చిరిగింది, మొహమంతా నవ్వు. ఆయన చేతిలో గిన్నె ఉంది. నిండుగా, ఎర్రగా. ఇంకా ఆశీర్వదించలేదు. క్షమాపణ దాకానే రాలేదు, గిన్నె దాకా ఎలా వస్తారు? అయినా అది ఆయన పెదాల దగ్గరుంది.

"దాహం," అన్నారాయన భార్యను చూసి, సంబరంగా.

ఆమె గిన్నెను ఒక్క దెబ్బ కొట్టింది. మొదటి మిషనరీ సముద్రం దాటించి తెచ్చిన వెండి గిన్నె గోడకు తగిలి, సొట్టపడి, మూలకు దొర్లింది. మట్టినేల ఎర్రటి తడిని పీల్చుకుంది.

తమ్ముడు బావను భుజాన వేసుకున్నాడు. "బావా, లే. నేనే. నన్ను పట్టుకో."

"నువ్వా? తాగావా?" అన్నారు పాస్టరుగారు ముద్దముద్దగా.

"నేను కాదు బావా, ఇవాళ నీ వంతు."

ఆమె సంస్కారపు సీసాకు మూత పెట్టి, డాక్టరమ్మకు చూపించడానికి కొంగున కట్టుకుంది. గుమ్మం వైపు కదిలింది. కొంగు రెండో చివర ఎవరో పట్టి లాగారు.

ముసలాయన. ఎముకల్లాంటి వేళ్ళు.

"నవ్వాడమ్మా," అన్నాడు. ఒక్కో మాటకూ రొమ్ము ఎగిరిపడుతోంది. "జీవితంలో ఎవరికీ చెప్పనిది చెప్పాను. చెప్పగానే నవ్వాడు. ఆపకుండా నవ్వాడు. ఇక నాకు దారి లేదు, అంతేనా?"

"అయ్యో, లేదు పెద్దయ్యా! ఆయనకు ఒంట్లో బాలేదు. విషం ఎక్కింది. ఆ నవ్వు ఆయనది కాదు."

"దేవుడి బదులు కూర్చున్నాడు కదా. ఆయన నవ్వితే దేవుడు నవ్వినట్టేగా."

బయట జీపు హారన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది, ఈసారి ఆగలేదు.

ఆమె ఒళ్ళంతా గుమ్మం వైపే లాగుతోంది. అక్కడ భర్త ఒంట్లో ప్రతి నిమిషం విషం మారుతోంది. ఇక్కడ ఈ మనిషి కళ్ళు. చావంటే భయపడే కళ్ళు ఆమె చాలా చూసింది. ఇవి అవి కావు. చావు తరవాత ఏముందో కళ్ళారా చూసేసినవాడి కళ్ళు. ఈ రాత్రి దాటుతాడన్న నమ్మకం లేదు. ఇలాగే వదిలేస్తే, ఆ నవ్వు వింటూనే పోతాడు.

పాస్టరు దొరకని ఆపదలో విశ్వాసి ఎవరైనా సరే క్షమాపణ మాట చెప్పచ్చని ఆమె చిన్నప్పుడు నేర్చుకుంది. పరీక్షలో రాసింది, మార్కులు తెచ్చుకుంది. ఆ ఆపద ఎప్పుడో ఎదురుగా వచ్చి కొంగు పట్టుకుంటుందని అనుకోలేదు. పైగా తను ఎవరు? పొద్దున్నే బల్ల మీదికి విషం పంపిన మనిషి.

తలుపు మూసింది. మంచం పక్కన మోకరించింది.

"నాకు చెప్పు పెద్దయ్యా. తొందరగా."

ఆయన చెప్పాడు. పొడిగా, ఊపిరి అందక, రెండు మూడు మాటల్లో. ఏం చెప్పాడో ఆమె ఎవరికీ చెప్పలేదు, అందుకని ఈ కథలోనూ అది లేదు. విన్నాక ఆమె చేతులు చల్లబడిపోయాయన్నది మాత్రం నిజం. లేచి పారిపోవాలనిపించింది. నవ్వడం సంగతలా ఉంచి, ఈ మాట విని ఈ మనిషి తల మీద చెయ్యి ఎలా వెయ్యడం?

హారన్.

ఆమె చెయ్యి వేసింది. జుట్టు పలచగా, రాతిపొడితో గరుగ్గా ఉంది. ఎన్నోసార్లు విన్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. గుర్తొచ్చిందే చెప్పింది.

"యేసుక్రీస్తును బట్టి నీ పాపం క్షమించబడింది. ఇదీ, మిగిలినవన్నీ కూడా. దేవుడు నవ్వలేదు పెద్దయ్యా. ఇది నా మాట కాదు, ఆయన మాట. విన్నావా?"

ముసలాయన పెదాలు కదిలాయి. కొంగు వదిలేశాడు.

"ఆమెన్," అన్నాడు.

*

దిగేటప్పుడు కొండదారి ఇంకా ఇరుకైనట్టుంది. వెనక సీట్లో ఆమె భర్త తలను చేతి మీద ఆనించుకుని, బ్రాందీ సీసా మూతతో కొంచెం కొంచెం పోస్తోంది. ఆ వాసనకు దిబ్బడేసిన ముక్కు కూడా మండింది.

"చేదు," అన్నారాయన మొహం తిప్పుకుని. "ఇందాకటిది బాగుంది."

"మింగండి. నా మీద ఒట్టు, మింగండి."

"ఒట్టు వెయ్యకూడదు," అన్నారు, కళ్ళు మూతలు పడుతూ.

"నిద్రపోనివ్వకక్కా! నిద్రపోతే ఇక పొయ్యకూడదంది డాక్టరమ్మ!"

ఆమె చెంపమీద కొట్టింది. గిల్లింది. తనకొచ్చిన పాటలన్నీ పాడింది. కనురెప్పలు దిగిపోతూనే ఉన్నాయి. ఇంకేం తోచక, కన్‌ఫర్మేషన్ తరగతిలో ఆజ్ఞలు అప్పజెప్పే పిల్లలను అడిగినట్టు అడగడం మొదలుపెట్టింది. మొదటి ఆజ్ఞ ఏది? దాని అర్థం ఏమిటి? రెండోది?

మూసుకున్న కళ్ళతోనే ఆయన నోరు కదిలింది. ఎన్నేళ్ళుగానో పిల్లల చేత వల్లె వేయించిన జవాబులు మత్తు అడుగునుంచి ఒక్కొక్కటే పైకి తేలాయి. ఒక జవాబు చెప్పగానే మూతెడు బ్రాందీ. ఇంకో జవాబు, ఇంకో మూత. ఈ దృశ్యం సంఘపెద్దలెవరైనా చూస్తే అక్కడికక్కడే ప్రాణం వదిలేవారు.

ఐదో ఆజ్ఞ దగ్గర ఆయన ఆగిపోయారు. "నరహత్య..." అన్నారు. తల పక్కకు వాలింది.

"ఏవండీ! చెప్పండి! దాని అర్థం ఏమిటి?"

జవాబు ముందు సీట్లోంచి వచ్చింది. తమ్ముడు స్టీరింగ్ మీద ఒరిగి, రోడ్డు మీంచి కన్ను తియ్యకుండా, పొల్లు పోకుండా గట్టిగా అప్పజెప్పాడు. తప్పించుకోలేని పాత పాఠం వినపడేసరికి పాస్టరుగారి కళ్ళు తెరుచుకున్నాయి.

"వీడికెలా వచ్చు?"

"కన్‌ఫర్మేషన్‌లో మూడేళ్ళు ఫెయిల్ చేశావు కదా బావా. మర్చిపోతానా?" వాడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆరోది అడగక్కా. ఆపకు."

*

ఆసుపత్రిలో ఆయన్ను చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్ళిపోయారు. డాక్టరమ్మ ఆ చిన్న సీసా అందుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, లోపలికి నడిచింది.

హెడ్‌మిస్ట్రెస్‌కూ మిల్లు దంపతులకూ రక్తంలో ప్రమాదమేమీ లేదని మధ్యాహ్నానికి తేలింది. పాస్టరుగారికి ఇంజెక్షన్ ఎక్కుతోంది. రక్తాన్ని మిషన్‌లోంచి తిప్పి శుభ్రం చేస్తున్నారు.

"ప్రాణానికి ఫరవాలేదనుకుంటున్నాను," అంది డాక్టరమ్మ. "కిడ్నీల సంగతే చెప్పలేను. మూత్రం రావడం ఆగిపోయింది. మళ్ళీ దానంతటది మొదలైతే గండం గడిచినట్టే. కాకపోతే..."

ఆ సాయంత్రం క్వారీ ముసలాయన పోయాడని కబురొచ్చింది. నిద్రలోనే, నెమ్మదిగా పోయాడని కోడలు చెప్పి పంపింది. పాస్టరుగారి భార్య ఆ మాట విని గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడింది. ఆయన చెప్పింది ఇప్పుడు ఈ లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు.

మర్నాడు తమ్ముడు ఇంటినుంచి ఉతికిన బట్టలు తెచ్చాడు. మంచం చివర నిలబడి, బావ మొహం చూడలేక, పాదాల కేసి చూశాడు. "సీసా మీద రాసుండాల్సింది," అన్నాడు. "నేను చూసి పొయ్యాల్సింది," అంది ఆమె. వాడు పోతూ పోతూ, తలుపు దగ్గర ఆగి, "సీటు కింద ఇంకేమీ లేదక్కా, కావాలంటే చూసుకో," అని వెళ్ళాడు.

ఆ రోజంతా మంచం కింద వేలాడుతున్న మూత్రపు సంచీ ఖాళీగానే ఉంది. తరవాతి రోజూ అంతే. ఆమె కళ్ళు ఎక్కడ తిప్పినా అక్కడికే వెళ్ళేవి. ప్లాస్టిక్ సంచీ, అందులోకి ఒక గొట్టం, లోపల ఏమీ లేదు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఆ సంచీయే కనపడేది.

పాస్టరుగారికి తెలివి వచ్చింది. ఇప్పుడు చూపు తేటగా ఉంది, గొంతు ఆయనదే. మంచినీళ్ళు అడగలేదు, ఏం జరిగిందని అడగలేదు. అవన్నీ డాక్టరమ్మ చెప్పేసింది.

"క్వారీ ఇంటికి వెళ్ళానా?" అన్నారు.

"వెళ్ళారు."

"తలుపు మూసినట్టు గుర్తు. ఆ తరవాత ఏమీ లేదు. ఆయన ఒప్పుకున్నాడా? నేను క్షమాపణ చెప్పానా?"

ఆమె దుప్పటి అంచు సరిచేసింది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. "మీరు నవ్వారు," అంది.

ఆయన మొహం పాలిపోవడం చూసింది. విషం చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. ఆయన మోచేతి మీద లేవబోయారు. "ఆయన... అలాగే..."

"లేదు. నేను చెప్పాను. చెయ్యి వేసి చెప్పాను. మాటలు సరిగ్గా గుర్తురాలేదు, నోటికొచ్చింది చెప్పాను."

"ఆయనేమన్నాడు?"

"ఆమెన్ అన్నాడు."

పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. గట్టిగా ఊపిరి వదిలారు. కళ్ళు తెరవకుండానే, "ఇంతకీ ఏం చెప్పాడు?" అన్నారు.

"మీకు గుర్తు లేకపోతే నేను చెప్పకూడదండీ. ఆ రూలు మీదే."

ఆయన పెదవి చివర కదిలింది. నవ్వబోయి, మధ్యలోనే భయపడి ఆపేసుకున్నారు. ఆ నవ్వు ఆయనదే. చప్పుడు లేని పాత నవ్వు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "ఫరవాలేదు, నవ్వండి," అంది.

అప్పుడే మందులు ఇవ్వడానికి నర్సు వచ్చింది. సెలైన్ చూసింది, నాడి చూసింది, అలవాటుగా మంచం కిందికి వంగింది. వంగినది లేవలేదు.

పాస్టరుగారి భార్య లేచి నిలబడింది. "ఏమిటమ్మా? ఏమైంది?"

నర్సు గొట్టం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "చూడండి," అంది.

గొట్టంలో ఒక పసుపు రంగు గీత, సన్నగా, మెల్లగా, సంచీ వైపు దిగుతోంది. అంచు దాకా వచ్చి ఆగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. అది బొట్టుగా ఉబ్బి, వేలాడి, సంచీ అడుగున పడింది. దాని వెనకే ఇంకొకటి.

ఆమె ఆసుపత్రి నేల మీదే చతికిలబడి, ఆ సంచీ ముందు చేతులు జోడించి, వెక్కి వెక్కి ఏడ్చింది.